జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే ఏమని దీవించాలి?

మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. దసరా నాడు పొద్దుగూకే వేళ ఊరంతా జమ్మి చెట్టు దగ్గరికి పోతుంది. పూజ అయ్యాక ఆకు తెంపుకొని, దాన్ని "బంగారం" అంటూ ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. సాటివాళ్లయితే ఒకరినొకరు హత్తుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. మా నాయినమ్మ ఉన్నన్నాళ్లు ఆమె మంచం ముందు పెద్ద వరుస ఉండేది. ఒక్కొక్కరి తల మీద చేయి పెట్టి, పేరు పెట్టి పిలిచి, ఒక్కొక్కరికీ ఒక్కో మాట అనేది. ఇంటర్ తప్పిన పిల్లవాడికి ఒకటి, కొత్త కోడలికి ఒకటి, పని కోసం బొంబాయి బస్సెక్కేవాడికి ఇంకొకటి. ఒకరికి అన్న మాట ఇంకొకరికి అనగా నేను వినలేదు.

ఆమె పోయి ఏడాది తిరిగాక వచ్చిన దసరాకు మా తమ్ముడి కొడుకు నా చేతిలో జమ్మి పెట్టి వంగాడు. వాడు అప్పుడు పదో తరగతి. నా నోట్లోంచి వచ్చింది "ఆఁ, ఆఁ, సరే లే నాన్నా" అన్న మాట ఒక్కటే. వాడు లేచి పక్కింటికి పోయాడు. నా అరచేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. వాడు నాకు ఒకటి ఇచ్చాడు, నేను వాడికి ఏమీ ఇవ్వలేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

నలభై దాటిన చాలామందికి ఇదే ఇబ్బంది. అమ్మానాన్నలు ఉన్నంతకాలం వంగేది మనం. ఒకరోజు చూస్తే మన ముందే ఎవరో వంగి ఉంటారు, మనకు మాట దొరకదు. అందుకని పెద్దవాళ్లను అడిగి, పెళ్లిళ్లలో పేరంటాల్లో చెవి పెట్టి విని, నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. వచ్చే దసరా లోపు మీకు పనికొస్తుంది.

ముందు దీవెన మూస తెలుసుకోండి

"నీకు శుభమగు గాక" లాంటిది ఆశీర్వచనార్థక వాక్యం అని బడిలో చదువుకున్నాం. ఆ "గాక" ఇప్పుడు ఇళ్లలో వినబడదు. చర్చిలో పాస్టరు "దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అన్నప్పుడు మాత్రం ఇంకా బతికే ఉంది. పురోహితుడి నోట అదే పని "అస్తు" చేస్తుంది. శుభం అస్తు, శుభమస్తు. తథా అస్తు, తథాస్తు, అంటే అలాగే అగుగాక. ఎదుటి మనిషిని నేరుగా "ఉండు" అని చెప్పేటప్పుడు "భవ" వస్తుంది. మన ఇంటి మాటలో అది "సల్లగుండు", "మంచిగ బతుకు".

ఇంకో మూస ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. "నీ కడుపు సల్లగుండ." "నీ నోట్ల చక్కెర వొయ్య." చివర ఒక్క "అ" చేర్చితే మాట కోరికగా మారిపోతుంది. మంచి కబురు తెచ్చినవాడికి నోట్లో చక్కెర పోయాలి అనేది ఆ కోరిక. ఇప్పుడు ఇది కూడా వినండి: "నీ నోట్ల మన్నువడ." "నీ చేతులిరగ." మూస అదే, చివరి "అ" అదే, ఆ నోరు కూడా అదే. పోసేది చక్కెరా, పడేది మన్నా అన్నదే తేడా. కోపంలో తడుముకోకుండా తిట్టగలిగిన ప్రతి మనిషికీ దీవెన వ్యాకరణం ముందే వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు, ఏం పోయాలో ఎంచుకోవడమే.

ఈ జంట కొత్తది కాదు. పాత శాసనాలు చాలా "స్వస్తి శ్రీ" అని మొదలవుతాయి, కొన్ని "మంగళ మహాశ్రీ" అని ముగుస్తాయి. స్వస్తి అంటే సు అస్తి, బాగుండుట. మధ్యలో దానం వివరం ఉంటుంది, ఆ దానాన్ని చెరిపినవాడికి శాపమూ ఉంటుంది. ఒకే రాయి మీద దీవెనా శాపమూ పక్కపక్కన చెక్కారు. పానగల్లు గుళ్ల వైపు పోయినప్పుడు శాసనం కనబడితే చదవడం రాకపోయినా ఒక్క నిమిషం దాని ముందు ఆగండి.

వంగిన మనిషిని చూడండి, తర్వాతే నోరు తెరవండి

అసలు పని ఇదే. మిగతావన్నీ దీని తర్వాతివి. దీవెన అందరికీ సరిపోయే గుళిక కాదు. ఎదుటి మనిషికి ఇప్పుడు ఏం కావాలో చూసి, అదే కోరాలి. మా నాయినమ్మ చేసింది అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

చిన్నపిల్లలకు కష్టం లేదు. "నూరేళ్లు సల్లగుండు బిడ్డా" అంటే చాలు. ఈ "చల్లగా" అన్న మాట గురించి ఎప్పుడైనా ఆలోచించారా? ఎండాకాలం రాళ్లు మండే నేల మనది. వాన కోసం, బావిలో నీటి కోసం, చెట్టు నీడ కోసం ఎదురుచూసిన నల్లగొండ, పాలమూరు మనుషులకు "చల్లగా" కంటే పెద్ద కోరిక ఏముంటుంది! కడుపు చల్లగా అంటే కన్న పిల్లలు బాగుండాలి అని. చేతులు చల్లగా అంటే ఆ చేయి పెట్టిన పని కలిసిరావాలి అని. అర్థం తెలిసి అంటే ఆ మాట బరువు వేరు.

పరీక్షలు రాసే పిల్లల దగ్గర జాగ్రత్త. "ఫస్ట్ ర్యాంక్ రావాలె", "డాక్టర్ కావాలె" అని తల నిమురుతాం. అది దీవెనలా వినిపిస్తుంది కానీ పిల్లవాడి చెవిలో ఆర్డర్‌లా పడుతుంది. వాడికి ముందే ఉన్న టెన్షన్ మీద ఇంకో బస్తా వేసినట్టు. దీవెన వాళ్లకు ఇచ్చేది, ఆశ మనది. ఈ రెండూ కలిసిపోతే వంగిన పిల్లవాడు బరువెక్కి లేస్తాడు. "చదివిందంతా యాదికి రావాలె, మనసు నిమ్మళంగ ఉండాలె" అనండి. మా తమ్ముడి కొడుక్కి ఆ మరుసటి ఏడాది నేను అన్నది ఇదే. వాడు లేచి నా మొహం వైపు చూశాడు. అంతకు ముందు ఏడాది చూడలేదు.

కొత్త జంటలకు ఇచ్చే దీవెనల్లో జరిగే తప్పు గురించి గట్టిగా చెప్పాలి. "ఏడాది తిరిగేసరికి పండంటి కొడుకును ఎత్తుకొని రావాలె." ఎంత సులువుగా అంటామో! మా చిన్నమ్మ బిడ్డకు పెళ్లయి ఆరేళ్లు. రెండుసార్లు కడుపు పోయింది, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. మిర్యాలగూడలో ఒక పెళ్లికి పోతే, వరుసగా ఐదుగురు పెద్దవాళ్లు ఆమెను అదే మాటతో దీవించారు. ఎవరికీ చెడు మనసు లేదు. ఆమె అన్నం దగ్గర కూర్చొని ముద్ద ముట్టలేదు. ఆమెను నేనే బయటికి తీసుకుపోయాను. ఆ రోజు నుంచి పిల్లల సంగతి వాళ్లు అడిగితే తప్ప నేను ఎత్తను. "ఒకరికొకరు తోడుగ, సల్లగ ఉండుండ్రి" అంటాను. పిల్లలున్న జంటకూ, లేని జంటకూ, వద్దనుకున్న జంటకూ ఆ మాట సరిపోతుంది. పిల్లల కోసమే దీవించమని వాళ్లే అడిగితే "సంతాన ప్రాప్తిరస్తు" అనండి, "సుపుత్ర" అని ప్రత్యేకించి అనకండి. దేవరకొండ వైపు ఆడపిల్లల్ని అమ్ముకున్న వార్తలు పేపర్లలో చదివిన జిల్లా మనది. కొడుకే కావాలన్న కోరికను దీవెన పేరుతో మనం మోయవద్దు.

"దీర్ఘ సుమంగళీ భవ" సంగతి. దీని అర్థం చాలాకాలం ముత్తైదువుగా ఉండు అని, అంటే నీ భర్త చాలాకాలం బతకాలి అని. కోరిక మంచిదే. కానీ తల వంచింది ఆమె, ఆయుష్షు అందింది ఆయనకు. నేను ఆ మాట మానలేదు, పెద్దవాళ్ల నుంచి వచ్చిందని అంటాను. దాని పక్కనే "నీ ఆరోగ్యం బాగుండాలె తల్లీ, నీ మాట ఇంట్లో చెల్లాలె" అని ఆమె కోసమే ఒకటి చేరుస్తాను.

భర్త పోయిన ఆడమనిషి వంగినప్పుడు చాలామంది నోరు కట్టేసినట్టు నిలబడతారు. అలవాటైన మాట అనలేరు, ఇంకో మాట రాదు. పాత ఉత్తరాల్లో అలాంటివాళ్ల పేరు ముందు "గం.భా.స." అని రాసేవాళ్లు, గంగాభాగీరథీ సమానురాలు అని. గంగతో పోల్చి, పేరంటానికి మాత్రం పిలిచేవాళ్లు కాదు. ఆమె వంగితే భుజం పట్టి "ఆయురారోగ్యాలతో ఉండు తల్లీ, నీ పిల్లలు నిన్ను కడుపుల పెట్టుకొని చూడాలె" అనండి. అంతకంటే ముఖ్యం, ఆమె పెద్దదైతే మీరే పోయి ఆమె కాళ్లు మొక్కండి. పెళ్లిలో అక్షింతల పళ్లెం ఆమె దాకా వచ్చేలా చూడండి. మా ఇంట్లో మా మేనత్త చేతి అక్షింతలు పడకుండా ఏ శుభకార్యమూ జరగనివ్వం. మొదటిసారి కొందరు గొణిగారు. ఇప్పుడు ఎవరూ గొణగడం లేదు.

జబ్బుతో మంచాన ఉన్నవాళ్లకు "నీకేం కాదు" అనకండి. అది దీవెన కాదు, వాళ్ల నొప్పిని కొట్టిపారేయడం. "రేపటికి ఇంకింత తేటపడాలె", "లేచి నీ కాళ్ల మీద నువ్వు వాకిట్లకు రావాలె" అనండి. దగ్గరి కోరిక కోరండి, వాళ్లు నమ్మగలిగేంత చిన్నది.

తొంభై దాటిన పెద్దాయనకు "నూరేళ్లు" అంటే లెక్క పెట్టినట్టు ఉంటుంది. నూరేళ్ల లెక్క వేదం నుంచి వచ్చిందే. పురోహితులు "శతమానం భవతి, శతాయుః పురుషః శతేంద్రియః" అని చదివేటప్పుడు గమనించండి. నూరేళ్ల ఆయుష్షుతో పాటు నూరు ఇంద్రియాలు, అంటే ఒంట్లో సత్తువ కూడా అందులో ఉంది. ఒట్టి ఏళ్లు కోరలేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి ఒక పెద్దమ్మకు ఒకసారి అలవాటుగా "నూరేళ్లు బతుకు" అంటే, "ఈ నొప్పులతోనా బిడ్డా" అంది. తర్వాత నుంచి "కాళ్లు చేతులు మంచిగుండాలె, కంటి నిండ నిద్ర పట్టాలె" అంటున్నాను.

ఇక ఊరు విడిచిపోయేవాళ్లు. పాలమూరు మనుషులు పనుల కోసం బొంబాయి, పుణె దాకా పోయిన కథ తరాల నాటిది. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు బస్సు దగ్గర నిలబడి చూస్తే ఒకే మాట వినబడేది: "పైలంగ పోయిరా బిడ్డా." పైలం అంటే జాగ్రత్త. "పోయిరా"లో పోవడం సగం, రావడం సగం. ఆ మాటకు మీరు ఏమీ చేర్చనక్కర్లేదు.

చేయి, పేరు, ఒక్క క్షణం ఆగడం

మనిషి వంగినప్పుడు మీరు నిలబడి ఉంటే, మీరూ కొంచెం వంగండి. కుడిచేయి తల మీద ఆనించండి, గాలిలో ఊపకండి. పేరు పెట్టి పిలవండి, లేదా వరస పెట్టి "బిడ్డా", "కొడుకా", "అల్లుడా" అనండి. మాట పూర్తయ్యేదాకా చేయి తీయకండి. ఆ తర్వాతే లేపండి. అంతా కలిపి పది సెకన్లు పట్టదు. చిన్నపిల్లలకైతే బుగ్గలు నిమిరి, ఆ చేతుల్ని మీ కణతల దగ్గర పెట్టుకొని మెటికలు విరవడం మా నాయినమ్మ అలవాటు. మాట లేని దీవెన అది, దిష్టి కూడా అందులోనే పోతుంది.

పెళ్లి అక్షింతల విషయం ఒకటి. అక్షతలు అంటే క్షతం కానివి, విరగనివి. అందుకే నూకలు ఏరేసి నిండు బియ్యపు గింజలే తీసుకుంటారు. గుప్పెడు బియ్యానికి చిటికెడు పసుపు, రెండు మూడు చుక్కల నెయ్యి వేసి గింజ గింజకూ పట్టేలా చేత్తో కలిపితే సరి. తడి ఎక్కువైతే ముద్ద కడతాయి. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో కుర్చీలోంచి లేవకుండా విసురుతున్నారు, అవి ముందు వరుసలో కూర్చున్నవాళ్ల మెడలో పడుతున్నాయి. లేచి నడిచి పోండి, దగ్గరగా తల మీద వేయండి, వేస్తూ నోటితో ఒక మాట అనండి. నోరు మూసుకొని వేసిన అక్షింతలు సగమే అందుతాయని నా నమ్మకం.

ఒడిబియ్యం పోసేటప్పుడు ఇంకా తీరికగా చేయాలి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ కొంగులో పసుపు కలిపిన బియ్యం, కుడకలు (ఎండు కొబ్బరి చిప్పలు), వక్కలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవిక బట్ట పెట్టి పోసే ఆ పద్ధతి మన తెలంగాణ ఇళ్లకు ప్రాణం. దోసిలి దోసిలికీ ఒక మాట అనడానికి సమయం ఉంటుంది, ఫొటోల తొందరలో దాన్ని పోగొట్టుకోకండి. "నీ ఇల్లు నిండాలె" అన్న మాటకు అంతకంటే సరైన చోటు లేదు, బియ్యం అప్పుడే ఆమె ఒడిని నింపుతూ ఉంటాయి కదా.

కాళ్లు మొక్కమని ఎవరినీ అడగకండి

ఇది నల్లగొండలో ఉండి రాస్తున్నాను కాబట్టి తప్పకుండా రాయాలి. "నీ బాంచెన్, కాల్మొక్త" అన్న మాట మన తాతల నోట్లోంచి భయంతో వచ్చింది. బాంచెన్ అంటే బానిసను అని. దొర ఉండే గడి ముందు చెప్పులు చేత పట్టుకొని నడిచిన రోజులవి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి ఈ జిల్లా గుండెకాయ. ఆ మాట అననని నిలబడ్డ మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. భయంతో వంగిన తలకు దొర దీవెన ఇవ్వలేదు, ఇచ్చినా అది దీవెన కాదు.

కాబట్టి ఇంట్లో పిల్లల మెడ పట్టి "తాతకు మొక్కు" అని వంచకండి. కోడలు వంగలేదని మనసులో పెట్టుకోకండి. పనిమనిషి వంగితే అడ్డం పట్టి లేపి, చేతులు పట్టుకొని దీవించండి. వాళ్లంతట వాళ్లు ప్రేమతో వంగితే మాత్రం తోసిపుచ్చకండి. "అయ్యో, ఇవన్నీ ఎందుకు" అని వెనక్కి జరిగితే వాళ్ల చేయి గాలిలో ఉండిపోతుంది. వంగని పిల్లవాడికీ దీవెన ఇవ్వొచ్చు, భుజం మీద చేయి వేస్తే చాలు.

సంస్కృత దీవెనలు వాడాలనుకుంటే

వాడండి, వాటి నాదం బాగుంటుంది. కానీ అర్థం తెలుసుకొని, ఆడ మగ తేడా చూసుకొని వాడండి. "ఆయుష్మాన్ భవ" మగవాళ్లకు. ఆడపిల్లకు "ఆయుష్మతీ భవ" అనాలి. ఈ తప్పు మైకుల్లో కూడా వింటుంటాను. "విజయోస్తు" ఎవరికైనా సరే, విజయం కలుగుగాక అని. "మనోవాంఛా ఫలసిద్ధిరస్తు" అంటే మనసులో కోరుకున్నది నెరవేరుగాక. ఎదుటివాళ్ల కోరిక ఏమిటో మీకు తెలియనప్పుడు ఇది మంచి మాట, వాళ్ల కోరికను వాళ్లకే వదిలేస్తుంది. "శీఘ్రమేవ కళ్యాణ ప్రాప్తిరస్తు" అనేది పెళ్లి కావాలని వాళ్లే అనుకుంటున్నారని తెలిస్తేనే. ముప్పై దాటిన ఆడపిల్లను పదిమందిలో అలా దీవిస్తే అది దీవెన కాదు, ప్రకటన. భోజనం పెట్టినవాళ్లకు "అన్నదాతా సుఖీభవ" అనడం మాత్రం ఎన్నిసార్లయినా మంచిదే. వంటింట్లో ఉన్న మనిషికి వినబడేలా అనండి.

శుభలేఖల మీద "చి." అంటే చిరంజీవి, "చి.ల.సౌ." అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పేరుకు ముందే దీవెన పెట్టి పిలుస్తున్నాం అన్నమాట. అందుకే పెద్దవాళ్ల పేరు ముందు చి. వేయరు.

పండుగ రాకముందు రోజూ చేయాల్సిన సాధన

దసరా నాడు ఒక్కసారిగా నోరు తిరగదు. రోజువారీ మాటల్లో అలవాటు చేయాలి. అవి మనకు ఉన్నవే, మరిచిపోతున్నాం.

ఇంట్లోంచి బయటికి పోతూ "పోతున్నా" అనకండి, "పోయొస్తా" అనండి. నల్లమలలో సలేశ్వరం జాతరకు పోయేవాళ్లను వినండి. పోయేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా", తిరిగేటప్పుడు "పోయొస్తం లింగమయ్యా" అంటారు. దేవుడి దగ్గర కూడా ఊరికే పోము. బతుకమ్మను నీళ్లలో వదిలేటప్పుడూ అంతే, పోయిరావమ్మా అంటాం.

బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరితే "కొండెక్కింది" అంటాం. గాజు పగిలితే, తాళి తెగితే "పెరిగింది" అంటారు పాతవాళ్లు. లేమిని కూడా నిండుదనంతో చెప్పే మాటలివి. సూపర్ మార్కెట్ లిస్టు రాసేటప్పుడైనా పిల్లల ముందు "బియ్యం నిండుకున్నాయి" అనండి, వాళ్లు అర్థం అడుగుతారు, అప్పుడు చెప్పండి. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మా తాత ఒకటి అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు. కొందరు ఏడు అనకుండా "ఆరున్నొకటి" అనేవాళ్లు, ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని. అంకెలు కూడా దీవిస్తూ లెక్కపెట్టిన మనుషులు!

పిల్లవాడు తుమ్మితే "చిరంజీవ" అనండి. పేరు తలుచుకోగానే మనిషి ఎదురైతే "నీకు నూరేళ్లు" అనండి. పసిబిడ్డకు నీళ్లు పోశాక చివరి నీళ్లు చుట్టూ తిప్పి "శ్రీరామరక్ష" అనండి. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతారని, చెడు మాట అంటే దానికీ తథాస్తు అంటారని మనల్ని చిన్నప్పుడు ఆపేవాళ్లు. దేవతల సంగతి మీ నమ్మకం. నేను మాత్రం ఆ గంట సేపు ఫోన్‌లో కూడా ఎవరినీ తిట్టకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను, ఇల్లు తేలికగా ఉంటోంది.

ముస్లిం ఇరుగుపొరుగుకు మీరు "సలామ్" అన్నా అది దీవెనే. అస్సలామ్ అలైకుమ్ అంటే మీకు శాంతి కలగాలి అని. "ఖుదా హాఫిజ్" అంటే దేవుడు కాపాడాలి అని. పెద్దవాళ్లు తల మీద చేయి పెట్టి "జీతే రహో" అంటే అది మన "బతుకు బిడ్డా"యే. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లలో మనవాళ్లు ఎంతమందో! అక్కడ తల మీద నెమలీకల కట్ట ఆనితే ఏ భాష అని ఎవరూ అడగరు.

ఫోన్లో దీవించేటప్పుడు

పిల్లలు హైదరాబాద్‌లోనో, దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. తల మీద చేయి పెట్టే వీలు లేదు. పువ్వుల బొమ్మ ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి, అది వాళ్లకు వచ్చిన యాభై బొమ్మల్లో ఒకటి. వాయిస్ మెసేజ్ పెట్టండి, అరనిమిషం చాలు. వాళ్లు నిద్రలేచి వింటారు, మళ్లీ మళ్లీ వింటారు. మా నాయినమ్మ గొంతు మా ఎవరి ఫోన్లోనూ లేదు. అది నాకు తీరని లోటు, మీకు రావద్దు.

కాల్ చేస్తే దీవెనను చివరికి ఉంచండి. కరెంటు బిల్లు, పెళ్లి సంబంధం, మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక, ఇంక పెట్టేస్తా అనే ముందు పేరు పెట్టి పిలవండి. వాళ్లు "ఆఁ చెప్పు" అంటారు. అప్పుడు చెప్పండి, వాళ్ల ఆ వారానికి సరిపోయే ఒక్క మాట. కొత్త ఉద్యోగమైతే "నీ చేతి పని నలుగురికి నచ్చాలె" అనండి. ఒంటరిగా ఉంటే "నీకు అక్కడ మంచి మనుషులు దొరకాలె" అనండి. అవతల కాసేపు నిశ్శబ్దం ఉంటుంది, లైన్ కట్టయిందేమో అనిపిస్తుంది. తొందరపడి "హలో, హలో" అనకండి. "సరే అమ్మా" అనో "సరే పెద్దమ్మా" అనో వాళ్లు అనేదాకా ఆగి, అప్పుడు పెట్టేయండి.